కొమ్మల చాటున స్టాప్ సైన్: అమెరికాలో ట్రాఫిక్ టికెట్ మీద మీరే వాదించుకోవడం ఎలా

స్టాప్ సైన్ దగ్గర ఆగలేదని ఆఫీసర్ టికెట్ రాసి చేతికిచ్చి వెళ్లిపోయాడు. మీరు కారు పక్కన ఆపి వెనక్కి నడిచి చూస్తే ఆ సైన్ చెట్టు కొమ్మల్లో కూరుకుపోయి ఉంది. ఆకుల సందులోంచి ఎర్ర అంచు మాత్రం కాస్త కనపడుతోంది. మీకు జరిగింది ఇదే అయితే మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు వెళ్లి ఫొటోలు తీసి రండి. ఇలాంటి కేసులో అసలు సాక్ష్యం ఆ చెట్టే. సిటీ వాళ్లు రేపు వచ్చి కొమ్మలు కొట్టేసినా, నాలుగు వారాల్లో ఆకు రాలిపోయినా, మీ నోటి మాట తప్ప మీ దగ్గర ఇంకేమీ మిగలదు.

ఇక్కడున్న మనవాళ్లలో చాలామంది టికెట్ రాగానే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి మర్చిపోదాం అనుకుంటారు. కోర్టు అనగానే టెన్షన్, ఒక రోజు సెలవు పెట్టాలన్న బాధ, ఇంగ్లీషులో వాదించగలమా అన్న బెరుకు. కానీ టికెట్ డబ్బు కట్టడమంటే మామూలుగా తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. ఫైనుతో పని అయిపోదు, చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ రికార్డులో పాయింట్లు పడతాయి, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగొచ్చు. కాలిఫోర్నియాలో స్టాప్ సైన్ దాటినందుకు పడే ఒక్క పాయింటు మూడేళ్లు రికార్డులో ఉంటుంది. చేయని తప్పుకు మూడేళ్లు ఎందుకు మోయాలి?

నేను లాయర్‌ని కాదు. ఇలాంటి టికెట్ ఒకటి నాకు వచ్చినప్పుడు కోర్టుకు వెళ్లి నేనే చెప్పుకున్నాను, కేసు కొట్టేశారు. ఆ అనుభవంతో, ఆ పని మీద చదివి తెలుసుకున్నదానితో ఇది రాస్తున్నాను. రాష్ట్రాన్ని బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి మీ టికెట్ మీద, మీ కోర్టు వెబ్‌సైట్‌లో ఉన్నదే మీకు చివరి మాట.

రోడ్డు పక్కన ఆపినప్పుడు

ఆఫీసర్‌తో అక్కడ వాదించి లాభం లేదు. టికెట్ రాయాలని ఆయన అప్పటికే నిర్ణయించుకుని ఉంటాడు. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, అడిగిన కాగితాలు ఇచ్చి, "సైన్ కొమ్మల వెనక ఉంది ఆఫీసర్, నాకు కనపడలేదు" అని ఒక్కసారి మర్యాదగా చెప్పి ఊరుకోండి. ఆఫీసర్‌కి బాడీ క్యామ్ ఉంటే ఆ మాట అందులో పడుతుంది. ఈ వాదన కోర్టు కోసం తర్వాత అల్లుకున్నది కాదని చెప్పడానికి అదొక ఆధారం. "తొందరలో ఉన్నాను, గమనించలేదు, సారీ" లాంటి మాటలు మాత్రం నోటి వెంట రానివ్వకండి. మనకి మొహమాటం కొద్దీ సారీ అలవాటు, కోర్టులో అది ఒప్పుకోలు కింద చదువుతారు.

సంతకం పెట్టమంటే పెట్టండి. కాలిఫోర్నియా లాంటి చోట ఆ సంతకానికి అర్థం కోర్టుకు వస్తానని మాట ఇవ్వడం మాత్రమే, తప్పు ఒప్పుకోవడం కాదు. పెట్టనంటే అరెస్టు దాకా వెళ్లొచ్చు.

అక్కణ్నుంచి కదిలే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పోలీసు కారు ఎక్కడ నిలబడి ఉంది, ఎటు మొహం పెట్టి ఉంది? ఇదెందుకో కోర్టు సంగతి దగ్గర చెబుతాను.

ఫొటోలు: కేసంతా ఇక్కడే ఉంది

నేను మొదటిసారి తీసిన ఫొటోలు ఎందుకూ పనికిరాలేదు. ఫుట్‌పాత్ మీద సైన్ ఎదురుగా నిలబడి దగ్గరగా తీశాను. ఆకులు, వాటి వెనక సైన్, ఫొటో చక్కగానే వచ్చింది. ఇంటికొచ్చి చూసుకుంటే అందులో సైన్ మీద నాలుగక్షరాలూ చదవగలుగుతున్నాను. ఆ ఫొటో జడ్జికి చూపిస్తే నా కేసు నేనే ఓడించుకున్నట్టు. నడిచే మనిషికి ఫుట్‌పాత్ మీంచి ఏం కనపడుతుందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. రోడ్డు మీద, నా లేన్‌లో, డ్రైవర్ సీటులో కూర్చున్న మనిషికి ఏం కనపడుతుందన్నదే ప్రశ్న. మర్నాడు సరిగ్గా టికెట్ పడిన వేళకే మళ్లీ వెళ్లాను.

అదే వేళకు వెళ్లడం ముఖ్యం. ఉదయం ఎండ సైన్ మీద పడితే ఆకుల వెనక నుంచి కూడా ఎరుపు మెరుస్తుంది, సాయంత్రం అదే సైన్ నీడలో నల్లగా కలిసిపోతుంది. మీతో ఒకరిని తీసుకెళ్లండి. మీరు నడుపుతూ ఫోన్ పట్టుకోవద్దు, అది ప్రమాదం, చాలా రాష్ట్రాల్లో దానికి వేరే టికెట్ కూడా. పక్క సీటులోంచి వాళ్లు తీసినా డ్రైవర్ వైపుకు జరిగి, డ్రైవర్ కంటి ఎత్తులో తీయాలి. రోడ్లు డిజైన్ చేసే ఇంజినీర్లు డ్రైవర్ కన్ను నేలకు 3.5 అడుగుల ఎత్తులో ఉంటుందని లెక్క వేస్తారు. నిలబడి తీసిన ఫొటో దానికంటే చాలా పైనుంచి ఉంటుంది, కొమ్మలు అడ్డొచ్చే తీరే మారిపోతుంది. డాష్‌క్యామ్ ఉంటే ఆ రోడ్డులో రెండుసార్లు మామూలు వేగంతో వెళ్లి వీడియో తీసుకోండి. టికెట్ పడిన రోజు రికార్డింగ్ ఉంటే వెంటనే కాపీ చేయండి, కార్డు నిండగానే డాష్‌క్యామ్ పాతవి చెరిపేస్తుంది.

ఫోన్‌లో జూమ్ వాడకండి, వైడ్ యాంగిల్ కూడా వద్దు. జూమ్ చేస్తే దూరంగా ఉన్న సైన్ దగ్గరకొచ్చినట్టుంటుంది, వైడ్‌లో దగ్గరున్న సైన్ కూడా చుక్కలా కనపడుతుంది. మొదటిది మీకు నష్టం, రెండోది జడ్జికి అనుమానం. 1ఎక్స్‌లో ఉంచి తీయండి.

ఇక వరస. సైన్‌కి 300 అడుగుల దూరం, 200, 150, 100, 50, తర్వాత సైన్ దగ్గర. ఒక్కో దూరంలో ఒక్కో ఫొటో, అన్నీ ఒకే లేన్ నుంచి, ఒకే ఎత్తు నుంచి. దూరం కొలవడానికి ఫుట్‌పాత్ మీద టేపు పట్టుకోవచ్చు, గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సదుపాయమూ ఉంది. లేన్ల మధ్య విరిగిన తెల్లగీత ఉంటే అది ఇంకా సులువు: మామూలుగా గీత 10 అడుగులు, ఖాళీ 30 అడుగులు, అంటే ఒక గీత మొదలు నుంచి తర్వాతి గీత మొదలుకు 40 అడుగులు.

ఇలా తీస్తే మీ కేసుకు ప్రాణం లాంటి ఒక్క అంకె బయటపడుతుంది: ఏ దూరం దగ్గర సైన్ మొదటిసారి పూర్తిగా కనపడింది? నా విషయంలో అది సుమారు 70 అడుగులు. గంటకు 30 మైళ్లంటే సెకనుకు 44 అడుగులు. అంటే సైన్ కనపడిన క్షణం నుంచి దాన్ని చేరడానికి నాకు దొరికింది సెకనున్నర. డ్రైవర్ చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికే 2.5 సెకన్లు ఇవ్వాలని ఆష్టో అనే అమెరికా రహదారి అధికారుల సంఘం డిజైన్ లెక్క చెబుతుంది. ఆగడానికి కావలసిన మొత్తం దూరం ఆ లెక్కలో 25 మైళ్ల వేగానికి 155 అడుగులు, 30కి 200, 40కి 305. ఇవి రోడ్డు కట్టడానికి వాడే ఉదారమైన అంకెలు. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే కారు ఇంకా ముందే ఆగుతుంది, జడ్జి ఆ మాట అనొచ్చు కూడా. అయినా "కనపడలేదు" అనే మాట కంటే "70 అడుగుల దగ్గర కనపడింది, ఆగడానికి 200 కావాలి" అనే మాటకు బరువెక్కువ.

నిజాయితీగా తీయాల్సినవి కూడా తీయండి. రోడ్డు మీద తెల్ల స్టాప్ లైన్ ఉందా? నేల మీద స్టాప్ అని రాసి ఉందా? ఎడమ వైపు ఇంకో సైన్ ఉందా? సైన్‌కి ముందు 'స్టాప్ ఎహెడ్' హెచ్చరిక ఉందా? ఇవి ఉండీ మీ ఫొటోల్లో కనపడకపోతే, ఆఫీసర్ ఒక్క ముక్క చెప్పగానే మీ మిగతా ఫొటోల మీద కూడా నమ్మకం పోతుంది. గీత అరిగిపోయి ఉంటే ఆ అరుగుదలే మీకు పనికొస్తుంది.

రాత్రి వేళ టికెట్ అయితే లో బీమ్ హెడ్‌లైట్ల వెలుగులో తీయండి. స్టాప్ సైన్ రాత్రి కూడా అదే ఆకారం, అదే రంగు కనపడేలా వెలుతురును తిప్పికొట్టాలి లేదా దానికి లైటు ఉండాలి. పాతబడి వెలిసిపోయిన సైన్ పగలు బాగానే ఉండి రాత్రి మాయమవుతుంది.

ఒక గట్టి మాట. మీరు కొమ్మ వంచడం, విరవడం, ఆకులు సర్దడం అస్సలు చేయకండి. అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఫొటోలు తీశాక, అదే రోజు, సిటీకి ఫిర్యాదు చేయండి. ఊరి సమస్యలు చెప్పుకునే 311 ఫోన్ నంబరు ఉన్న ఊరైతే దానికి, లేకపోతే పబ్లిక్ వర్క్స్ విభాగానికి. అడ్డరోడ్డులో వచ్చేవాళ్లు మనం ఆగుతామన్న నమ్మకంతో వస్తారు, సైకిల్ మీద పిల్లలు వస్తారు. సాక్ష్యం పోతుందని ఆ సైన్‌ని అలాగే వదిలేయడం సరికాదు, మీ ఫొటోలు మీ దగ్గర ఉన్నాయి కదా. పైగా ఫిర్యాదు నంబరు, తారీఖు కూడా మీకు సాక్ష్యమే. వాళ్లు వచ్చి కొమ్మలు కొట్టేస్తే మళ్లీ అవే దూరాల నుంచి రెండో సెట్ తీయండి. ముందు, తర్వాత పక్కపక్కన పెడితే పెద్దగా చెప్పాల్సిన పనే ఉండదు.

చట్టంలో మీకు అనుకూలంగా ఏముంది

అమెరికాలో రాష్ట్రాలు ట్రాఫిక్ చట్టాలు రాసుకోవడానికి నమూనాగా పెట్టుకున్న యూనిఫాం వెహికిల్ కోడ్ అని ఒకటి ఉంది. సైన్ ఆ సమయంలో, ఆ చోట, సరైన స్థానంలో లేకపోయినా, మామూలు గమనిక ఉన్న మనిషికి కనపడేంత స్పష్టంగా లేకపోయినా, సైన్ తప్పనిసరి అయిన నిబంధనను ఆ డ్రైవర్ మీద అమలు చేయకూడదని అందులో ఉంది. చాలా రాష్ట్రాలు ఆ వాక్యాన్ని దాదాపు అలాగే తీసుకున్నాయి. న్యూయార్క్‌లో వెహికిల్ అండ్ ట్రాఫిక్ లా సెక్షన్ 1110(బి), టెక్సస్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 544.004(బి), ఫ్లోరిడాలో 316.074(3). మీరు వేరే రాష్ట్రంలో ఉంటే మీ వెహికిల్ కోడ్‌లో ట్రాఫిక్ కంట్రోల్ డివైజ్‌లకు లోబడాలని చెప్పే సెక్షన్ తెరవండి. ఇలాంటి వాక్యం ఉంటే సాధారణంగా అక్కడే ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పెట్టుకోండి.

"మామూలు గమనిక ఉన్న మనిషి" అన్న మాటను వదలకండి. మీకు కనపడిందా లేదా అని చట్టం అడగడం లేదు. మీ చోట ఎవరున్నా కనపడేదా అని అడుగుతోంది. కోర్టుకు వెళ్లి "నేను చూడలేదు" అని పదిసార్లు చెప్పినవాళ్లు ఓడిపోయేది ఇందుకే. చూడలేదంటే ధ్యాస లేదనే అర్థం కూడా వస్తుంది. "ఆ దూరం నుంచి ఎవరికీ కనపడదు, ఇదిగో ఫొటో" అనాలి.

ఇందులోనే ఒక గొయ్యి ఉంది. సైన్ లేకపోయినా అమల్లో ఉండే నిబంధనలకు ఈ రక్షణ వర్తించదు. ముఖ్యంగా స్పీడ్ లిమిట్లు. న్యూయార్క్ సిటీలో వేరే బోర్డు లేని చోట 2014 నవంబరు నుంచి 25 మైళ్లే లిమిట్. కాలిఫోర్నియా నివాస ప్రాంతాల్లో మామూలుగా 25, టెక్సస్ పట్టణ వీధుల్లో మామూలుగా 30. ఇళ్ల మధ్య 48లో వెళ్తూ పట్టుబడి, 30 అని రాసిన బోర్డు చెట్టు వెనక ఉందంటే కుదరదు. బోర్డు అసలే లేకున్నా లిమిట్ అంతే. అదే 45 మైళ్ల రోడ్డు ఒక్కసారిగా 35కి తగ్గి, ఆ తగ్గింపు బోర్డు కొమ్మల్లో ఉంటే మీ వాదనలో పస ఉంది. టికెట్ మీద రాసిన సెక్షన్ తెరిచి, నేరం సైన్ మీద ఆధారపడిందా, చట్టంలోని మామూలు లిమిట్ మీదా అన్నది ముందు తేల్చుకోండి.

ఎండ కళ్లలో పడటం, మంచు అద్దం మీద ఉండటం సైన్ దాగడం కిందకు రావు. కనపడకపోతే నెమ్మదించాల్సింది మీరే అంటారు. సైన్‌కి అడ్డంగా ట్రక్కు ఆగి ఉంటే వాదించవచ్చు, కానీ ఆ క్షణంలోని ఫొటోనో డాష్‌క్యామ్ వీడియోనో లేకుండా కష్టం.

ఎంయూటీసీడీ అనే పుస్తకం

సైన్లు ఎలా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం ఇది. 11వ ఎడిషన్ 2023 డిసెంబరులో వచ్చింది, ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొన్ని రాష్ట్రాలు దీనికి సొంత మార్పులు చేసుకున్నాయి. వందల పేజీలు చదవనక్కర్లేదు, మీకు కావలసినవి మూడు నాలుగు సంగతులు. ఇళ్లు, దుకాణాలు ఉండి కార్లు ఆగే, మనుషులు నడిచే చోట రోడ్డు పక్క సైన్ అడుగు భాగం కనీసం 7 అడుగుల ఎత్తులో ఉండాలి, పల్లె రోడ్లలో 5 అడుగులు. ఒకే లేన్ ఉన్న మామూలు రోడ్డు మీద స్టాప్ సైన్ వెడల్పు 30 అంగుళాలు. కలుపు, చెట్లు, పొదలు సైన్ ముఖాన్ని కప్పేయకుండా చూసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది.

ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటి. డ్రైవర్ స్పందించడానికి తగినంత దూరం నుంచి స్టాప్ సైన్ కనపడకపోతే ముందుగా 'స్టాప్ ఎహెడ్' హెచ్చరిక సైన్ పెట్టాలి. రోడ్డు మలుపు, గోడ లాంటి శాశ్వత అడ్డంకి అయితే ఈ మాటకు బలం ఎక్కువ. ఆకుల్లాంటి వచ్చిపోయే అడ్డంకి అయితే ఏం చేయాలో ఇంజినీర్ విచక్షణకు వదిలారు. మీది మలుపు తిరగ్గానే వచ్చే సైన్ అయితే ఇది తప్పక చూడండి.

సైన్ ఎత్తు రెండు అంగుళాలు తక్కువుందని కేసు కొట్టేయరు. పుస్తకాన్ని మీ ఫొటోలకు తోడుగా వాడండి, దాని మీదే కేసు నిలబెట్టకండి.

పాత రికార్డులు తవ్వండి

గూగుల్ స్ట్రీట్ వ్యూలో కంప్యూటర్ మీద ఆ చోటు తెరిస్తే చాలాచోట్ల పాత సంవత్సరాల ఫొటోలు కూడా కనపడతాయి. చెట్టు ఏడాదికేడాది సైన్‌ని ఎలా మింగిందో వరసగా ప్రింట్ తీసుకోండి. ఒక జాగ్రత్త: ఆ కెమెరా కారు పైకప్పు మీద చాలా ఎత్తులో ఉంటుంది. మీకు కనపడని సైన్ దానికి కనపడొచ్చు, కనపడినది దాగొచ్చు. దీన్ని చెట్టు చరిత్ర చెప్పడానికి వాడండి, మీ కంటికి ఏం కనపడిందో చెప్పడానికి కాదు.

తర్వాత సిటీకి గానీ కౌంటీకి గానీ పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ పెట్టండి. ఫోయా అని మనం అనే సమాచార హక్కు చట్టం ఫెడరల్ సంస్థలకే, ఊరి రికార్డులకు రాష్ట్ర చట్టం ఉంటుంది: కాలిఫోర్నియాలో పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, న్యూయార్క్‌లో ఫాయిల్, టెక్సస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్. ఆ కూడలి పేరు రాసి, గడిచిన ఏడాదిలో ఆ సైన్ మీద వచ్చిన ఫిర్యాదులు, కొమ్మలు కొట్టిన వర్క్ ఆర్డర్లు, సైన్ మార్చిన రికార్డులు, అక్కడ ఇచ్చిన స్టాప్ సైన్ టికెట్ల సంఖ్య అడగండి. కొద్దిగా అడిగితే త్వరగా వస్తుంది. మీకంటే ముందే ఇంకొకరు అదే సైన్ మీద ఫిర్యాదు చేసి ఉంటే అంతకంటే మంచి సాక్షి దొరకడు. వాయిదా తారీఖు లోపు రావాలంటే టికెట్ పడిన వారంలోనే పెట్టాలి. ఆఫీసర్ నోట్సు, బాడీ క్యామ్ వీడియో కూడా అడగండి. దానికి దారి రాష్ట్రాన్ని బట్టి వేరుగా ఉంటుంది, కోర్టు క్లర్క్‌ని అడిగితే చెబుతారు.

గడువు, ప్లీ

టికెట్ మీద స్పందించాల్సిన ఆఖరు తేదీ ఉంటుంది. ఫ్లోరిడాలో అయితే 30 రోజులు. ఆ తేదీ దాటితే లైసెన్స్ సస్పెన్షన్, కొన్నిచోట్ల వారంట్ దాకా వెళ్లొచ్చు, అప్పుడు చెట్టు సంగతి వినేవాడే ఉండడు. ఇళ్లు తరచూ మారేవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి: కోర్టు నోటీసు పాత అడ్రసుకే వెళ్తుంది. లైసెన్సులిచ్చే డీఎంవీలోనూ కోర్టులోనూ అడ్రస్ మార్పించండి.

తప్పు ఒప్పుకుంటారా లేదా అన్నదానికి మీరిచ్చే జవాబే ప్లీ. మీరు చెప్పాల్సింది నాట్ గిల్టీ. "గిల్టీ, కానీ నా వివరణ వినండి" అనే దారి కొన్నిచోట్ల ఇస్తారు. అది ఫైన్ తగ్గించుకోవడానికే, రికార్డు నిలుస్తుంది. కాలిఫోర్నియాలో కోర్టుకు వెళ్లకుండా రాతపూర్వకంగా వాదించే వీలుంది, ఫారం టీఆర్-205. ఫైన్ మొత్తం ముందు కట్టాలి, గెలిస్తే వెనక్కి ఇస్తారు. ఓడిపోయినా నిర్ణయం పంపిన 20 రోజుల లోపు టీఆర్-220 పెడితే జడ్జి ముందు మళ్లీ మొదటి నుంచి విచారణ జరుగుతుంది. ఫొటోలే కేసు అయిన మనలాంటి వాళ్లకు ఇది మంచి దారి. న్యూయార్క్ సిటీలో అయితే టికెట్లు డీఎంవీ వారి ట్రాఫిక్ వయొలేషన్స్ బ్యూరోకి వెళ్తాయి, అక్కడ ఆరోపణ తగ్గించుకునే బేరం ఉండదు, పూర్తి విచారణే. మిగతా ఊళ్ల కోర్టుల్లో చాలాచోట్ల ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్‌తో మాట్లాడే అవకాశం ఉంటుంది. ఫొటోలు చూడగానే ఆయనే కేసు వదులుకోవచ్చు, లేదా పాయింట్లు లేని చిన్న ఉల్లంఘనకు మార్చొచ్చు.

ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని తేదీ తీసుకునేటప్పుడే అడగండి. చాలా కోర్టులు భాషా సహాయం ఇస్తాయి. మన పెద్దవాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇది పెద్ద ఊరట. సిగ్గుపడాల్సిన విషయమే కాదు. ఆఖరి నిమిషంలో అడిగితే మాత్రం వాయిదా పడుతుంది.

కోర్టులో

ఫొటోలు ఫోన్‌లో చూపిద్దామనుకోకండి. సాక్ష్యంగా తీసుకుంటే ఫోన్ వాళ్ల దగ్గరే ఉంచాల్సి రావొచ్చు. మూడు సెట్లు ప్రింట్ తీయండి: జడ్జికి, ఆఫీసర్‌కి, మీకు. ఒక్కో ఫొటో వెనక దూరం, తారీఖు, టైము రాయండి. ఒక తెల్లకాగితం మీద కూడలి బొమ్మ గీసి మీ కారు, సైన్, చెట్టు, పోలీసు కారు గుర్తుపెట్టండి.

ముందు ఆఫీసర్ చెబుతాడు. మధ్యలో అడ్డు రాకుండా రాసుకోండి. తర్వాత మీరు ప్రశ్నలు అడగొచ్చు. ఇక్కడే మీరు గుర్తుపెట్టుకున్న పోలీసు కారు స్థానం అక్కరకొస్తుంది. స్టాప్ సైన్ దగ్గర కాపు కాసే ఆఫీసర్ సాధారణంగా అడ్డరోడ్డులో ఆగి ఉంటాడు. అక్కణ్నుంచి ఆయనకు కనపడేది సైన్ పక్కభాగమో వీపో, మీవైపు ఉన్న ముఖం కాదు. కాబట్టి చిన్న చిన్న ప్రశ్నలు అడగండి: "మీ కారు ఏ వీధిలో ఆగి ఉంది? ఎటువైపు తిరిగి ఉంది? అక్కణ్నుంచి సైన్ ముందుభాగం మీకు కనపడిందా? ఆ రోజు నేను వచ్చిన వైపు నుంచి మీరు ఆ కూడలికి వచ్చారా?" జవాబు "లేదు" అని వచ్చిందా, అక్కడితో ఆపేయండి. "మరి సైన్ డ్రైవర్లకు కనపడుతుందని మీరెలా అంటారు?" అని మాత్రం అడగొద్దు. ఆయన వివరించడానికి మీరే తలుపు తీసినట్టవుతుంది.

మీ వంతు వచ్చాక రెండు నిమిషాల్లో చెప్పేయండి. "యువర్ ఆనర్, నేను ఫలానా వీధిలో తూర్పు వైపు 30 మైళ్ల లోపు వేగంతో వెళ్తున్నాను. ఆ రోడ్డు నాకు కొత్త. ఈ ఫొటోలు మర్నాడు అదే సమయానికి నేనే దగ్గరుండి తీయించాను, ఆ రోజు అక్కడ ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాయి. 200 అడుగుల నుంచి సైన్ లేదు, 100 నుంచి లేదు, 70 అడుగుల దగ్గర మొదటిసారి కనపడింది." ఫొటోలు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, అప్పటి స్థితినే చూపిస్తున్నాయా అన్న మూడు ముక్కలు లేకపోతే అవి సాక్ష్యంగా నిలవడం కష్టం. ఫొటో తీసిన మనిషి మీతో కోర్టుకు రాగలిగితే ఇంకా మంచిది. చివర్లో ప్రింట్ తీసుకున్న సెక్షన్ ఇచ్చి, దాని ప్రకారం కేసు కొట్టేయమని అడగండి.

మీరు రోజూ ఆ దారిలోనే ఆఫీసుకు వెళ్తుంటే జడ్జి ఆ ప్రశ్న అడుగుతారు. అబద్ధం చెప్పకండి, మీరు ప్రమాణం చేసి మాట్లాడుతున్నారు. సైన్ అక్కడ ఉందని ముందే తెలిసిన మనిషికి ఈ వాదన చాలా బలహీనపడుతుంది. అలాంటప్పుడు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడుకోవడమో, ట్రాఫిక్ స్కూల్ అనే డ్రైవింగ్ నియమాల క్లాసు తీసుకోవడమో మేలని నా అభిప్రాయం. కాలిఫోర్నియాలో ట్రాఫిక్ స్కూల్ 18 నెలలకు ఒకసారి దొరుకుతుంది, ఫైన్ కట్టాల్సిందే గానీ పాయింటు ఇన్సూరెన్స్ కంపెనీకి కనపడదు. సైన్ సగమే కప్పి ఉన్నప్పుడు కూడా ఆలోచించుకోండి. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ఇంకేదీ ఉండదు, ఆకారం తెలిసిందంటే సైన్ తెలిసినట్టే అంటారు.

యాక్సిడెంట్ అయి ఎవరికైనా దెబ్బలు తగిలినా, స్కూల్ బస్సు సంగతైనా, మీకు కమర్షియల్ లైసెన్స్ ఉన్నా, ఇంకో పాయింటుతో లైసెన్స్ పోయే పరిస్థితి ఉన్నా సొంతంగా దిగకండి. ట్రాఫిక్ కేసులు చూసే లాయర్ దగ్గరకు ఇవే ఫొటోలు పట్టుకుని వెళ్లండి. ఆయన పని సగం అయిపోయినట్టే.

తీర్పు మీకు అనుకూలంగా వస్తే డిస్మిస్ అయినట్టు కోర్టు కాగితం తీసుకోండి. నెల తర్వాత డీఎంవీ నుంచి మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించి, ఆ టికెట్ తాలూకు పాయింటు అందులో లేదని కళ్లారా చూసుకోండి. ముందే డబ్బు కట్టి ఉంటే అది వెనక్కి వచ్చిందా లేదా చూడండి. వ్యతిరేకంగా వస్తే అప్పీలు గడువు చిన్నదే ఉంటుంది, న్యూయార్క్ ట్రాఫిక్ బ్యూరోలోనూ కాలిఫోర్నియాలోనూ 30 రోజులు, కాబట్టి ఆ రోజే క్లర్క్ కిటికీ దగ్గర అడిగి ఫారం చేతిలో పెట్టుకుని బయటకు రండి.